నాయనమ్మ పేరు

నా పేరు దోస్తా. అంటే 'చాలు' అని. వరసగా నాలుగో ఆడపిల్లనై పుట్టానని, దేవుడికి అర్థమయ్యేలా మా నాన్న పెట్టిన పేరు. దేవుడికి మా బల్గేరియన్ రాదు కాబోలు, నా తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లల్ని పంపాడు. వాళ్ళకు మాత్రం పువ్వుల పేర్లు పెట్టుకున్నారు. నాది అలాగే అతుక్కుపోయింది.

మా ఊళ్ళో కొడుక్కి మొదట ఆడపిల్ల పుడితే నాయనమ్మ పేరు పెట్టాల్సిందే. మా అబ్బాయి వెల్కోకి పాప పుట్టిన దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఆ పసిగుడ్డును కూడా జీవితాంతం 'చాలు' అని పిలుస్తారా? వద్దందామంటే, చచ్చి స్వర్గాన ఉన్న నాన్నను తప్పుపట్టినట్టవుతుంది. పైగా మా ఆయన రాదోయ్‌ది ఒకటే పట్టు.

"నీ పేరు నిలబడాలి. ఆచారం ఆచారమే," అన్నాడు.

"నీకేమయ్యా, రాదోయ్ అంటే సంతోషం! నిన్ను చూసి మీ నాన్న మురిసిపోయాడు."

"అందుకేగా నీ నోటిని ఇన్నేళ్ళు భరించాను."

ఇక నా ఆశంతా కోడలు రలిత్సా మీదే. పట్నం పిల్ల, కొత్త పేరేదో కావాలంటుందనుకున్నాను. ఆ మహాతల్లి, "అత్తయ్య మనసు కష్టపెట్టలేను, ఆవిడ పేరే పెడదాం" అందట. మంచి కోడలు దొరికితే వచ్చే తిప్పలివి.

బాప్తిస్మం రోజు పాప జ్ఞానతల్లి నెవేన చేతుల్లో ఉంది. ఫాదరుకు పేరు చెప్పాల్సింది ఆమే.

"పేరేమిటమ్మా?" అన్నాడాయన. నెవేన నోరు తెరిచింది.

"ఆగవే!" అని చర్చి అదిరేలా అరిచాను. "ఆ పేరు వద్దు. ఎవరు పిలిచినా నాకు మా నాన్న నిట్టూర్పే వినబడేది. దానికి వినబడకూడదు."

"మరి ఏ పేరు?" అన్నాడు ఫాదరు.

అంతదాకా నేను ఆలోచించి చస్తేగా! బిక్కమొహం వేసుకుని మా ఆయన వంక చూశాను. ఆయన తల దించుకుని బూట్లు చూసుకుంటున్నాడు.

"జెలానా," అన్నాడు మెల్లగా. అంటే 'కోరి తెచ్చుకున్నది'.

"ఇదెప్పుడు ఆలోచించావు?"

"మన పెళ్ళప్పుడు. నిన్నలా పిలుద్దామనుకున్నాను. సిగ్గేసింది."

నలభై ఏళ్ళు! చర్చి అని కూడా చూడకుండా ముసలాడి వీపు మీద ఒక్కటిచ్చాను. ఆ తర్వాత ఆయన కోటులోనే మొహం దాచుకుని ఏడ్చాను.