పున్నమినాటి పులికన్ను

రెండో నెల పున్నమికి ఇంకా పదమూడు రోజులుందనగా, ఒకినె చిత్రించిన పులిలో పిల్లి పట్టుబడింది.

పట్టుకున్నవారు సామాన్యులు కారు. రాజధానికి తూర్పున కొండ అంచున వెలసిన ఆలయానికి పెద్ద, రియోజెన్ స్వాములవారు. ఆ ఆలయంలోని పరినిర్వాణ చిత్రపటం పురుగు తిని జల్లెడైపోగా, కొత్త పటం రచించే భారాన్ని ఆయన వృద్ధ చిత్రకారుడు తోగాన్‌కు అప్పగించారు. రెండు నిలువుల పొడవు పట్టువస్త్రం. జంట సాలవృక్షాల నడుమ కుడివైపుకు ఒత్తిగిలి శయనించిన తథాగతుడు, చుట్టూ కన్నీరుమున్నీరైన శిష్యులు, దేవతలు, ఆకాశాన నిండుచంద్రుడు. దిగువన ఏనుగు మొదలు మిడత వరకు యాభైరెండు జాతుల ప్రాణులు. ఏటా ఆ పున్నమినాడు పటాన్ని గోడకు వ్రేలాడదీస్తే ఊరు ఊరంతా వచ్చి దాని ముందు సాగిలపడుతుంది.

భగవానుని ముఖాన్ని తోగాన్ స్వహస్తంతో ముగించాడు. అంతటితో ఆ చేయి వణకనారంభించింది. ఇక చేసేది లేక మృగాలను శిష్యులకు పంచాడు. పులి ఒకినె వంతుకు వచ్చింది.

"స్వాములవారు మెచ్చారా, నా పేరులోంచి ఒక అక్షరం తీసి నీకిస్తానమ్మాయ్. ఆ రోజునుంచి నువ్వు చిత్రకారిణివి. మెచ్చలేదా, ఆ పులిమీద బండరాయి బొమ్మ వేసి కప్పేస్తాం. హాంబే ఇంకోచోట పులిని గీస్తాడు. నువ్వు మళ్లీ విసనకర్రల మీద పూలు వేసుకుందువుగాని" అన్నాడాయన.

ఒకినెకు ముప్పై ఎనిమిదేళ్లు. విసనకర్రల దుకాణంలో పదిహేనేళ్లు పూలు చిత్రించింది. భర్త గతించిన ఏడాదికి తోగాన్ వాకిట నిలిచి, "నాకు అడవి మృగాలను గీయడం నేర్పండి" అని వేడుకుంది. వీధి వీధంతా నవ్వింది. తోగాన్ నవ్వలేదు. "ముందు బరువు చూడు, తరువాత వెంట్రుక చూడు" అని కొండకు తరిమాడు. కోతుల కోసం కూర్చుంటే కోతులు ఆమె అన్నపుముద్దలు ఎత్తుకుపోయాయి. ఆ పరుగునే ఆమె గీసింది. వేటగాళ్లు కావడికి కట్టి తెచ్చిన అడవిపందిని నిమిరి, రోమం మెడమీద ఎటు పారుతుందో, మూపున ఎక్కడ సుడి తిరుగుతుందో వ్రేళ్లతో చదువుకుంది. ఆరేళ్లు గడిచేసరికి జింక చెవి కదిలించబోయే క్షణం ఆమె కుంచెకు ముందే తెలిసిపోయేది.

పులి సంగతి వేరు. ఆ దీవులలో పులి పుట్టదు. మందుల వర్తకుని ఇంట కొరియానుంచి వచ్చిన పులితోలు ఒకటి ఉండేది. దాన్ని అరువు తెచ్చి చారలు లెక్కించుకోవడం, తక్కినదంతా తోగాన్ ఇంటి మచ్చలపిల్లి బుచిని చూసి గ్రహించడం ఆ చిత్రశాల సంప్రదాయం. చర్మం కొరియాది, ఎముకలు బుచివి. తోలుకు కన్నులుండవు గనుక కన్నులు కూడా బుచివే.

స్వాములవారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. చట్రానికి బిగించిన పట్టు మీదికి వంగి పాదాల దిగువనున్న పులిని చాలాసేపు చూశారు.

"వెన్ను బాగుంది. ఏడుస్తున్న నోరు బాగుంది" అన్నారు. తరువాత గడపలో ఎండ కాగుతున్న బుచి వైపు తిరిగి, "కాని దీన్ని లోపలికి ఎవరు రానిచ్చారమ్మా?" అని అడిగారు.

"స్వామీ?"

"పులి కంట్లో నిలువుగా వడ్లగింజంత చీలిక పెట్టావు. మా వంటింటి పిల్లి మధ్యాహ్నంపూట సరిగ్గా ఇలాగే చూస్తుంది, చేప దొంగిలించి వచ్చి."

యాభైరెండు జాతులకు చోటున్న ఆ పటంలో చోటు లేని ప్రాణి పిల్లి ఒక్కటే. భగవానుని కోసం స్వర్గంనుంచి తల్లి విసిరిన మందుమూట చెట్టుకొమ్మకు చిక్కుకుంటే, తేబోయిన ఎలుకను పిల్లి అడ్డగించిందని పెద్దలమాట. నాటినుంచి నిర్వాణపటంలో పిల్లిని గీసిన చేయి అపచారం చేసినట్లే.

తోగాన్ ముఖం కందగడ్డ అయింది. "మా గురువుగారి గురువుగారి కాలంనుంచి పులికన్ను ఇదే స్వామీ!"

"అయితే మీరు ముగ్గురూ పిల్లినే చూశారన్నమాట. పులికన్ను ఎలా ఉంటుందో నాకూ తెలియదు తోగాన్ గారూ. ఇది పిల్లికన్నని మాత్రం తెలుసు. రేపు మొక్కడానికొచ్చే ముసలమ్మలకు నాకంటే బాగా తెలుసు." ఆయన లేచారు. "పటం కట్టేవాడికి ఎనిమిది రోజులు కావాలి. అయిదు రోజులు మీవి. ఆపైన బండరాయే."

స్వాములవారు వెళ్లగానే హాంబే నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు. కొంగలను గీయడంలో దిట్ట, వాగడంలో అంతకంటే దిట్ట.

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందని విన్నాం గాని, పిల్లి పెట్టుకోవడం ఇదే మొదలు. నా బండరాయి కోసం రంగు నూరుకోనా అక్కా?"

"నూరుకో నూరుకో, ఆ రాయి ముందు నీ నెత్తినే పడుతుంది."

"కోపమెందుకు? ఒసాకాకి వెళ్లి పులినే అడుగు. పరదేశి ఓడలో బ్రతికున్న పులి దిగిందట. అక్కడి నంబా పేటలో పందిరి వేసి చూపిస్తున్నారు. మా మేనమామ చూసొచ్చాడు."

ఒకినె చేతిలోని కుంచె జారి బుచి మీద పడింది. "బ్రతికున్నదా? ఈ మాట ఇప్పుడా చెప్పేది, దుర్మార్గుడా!"

తోగాన్ అప్పటికే చేతికర్ర వెదుకుతున్నాడు. "నా చెప్పులేవి? డెబ్బైరెండేళ్ల వాణ్ణి, నన్ను వదిలేసి పులిని చూద్దామనుకుంటున్నావా?"

మర్నాడు తెల్లవారేసరికి ఇద్దరూ ఫుషిమి రేవులో పడవ ఎక్కారు. యోదో నది వడిగా ఉంది. ఆమె మనస్సు ఇంకా వడిగా ఉంది. సగం దారిలో, ఆ ఏటి ఆచారం ప్రకారం, తిండి అమ్మే పడవలు వచ్చి అంటుకున్నాయి. అక్కడ తిట్టకుండా ఎవరూ అన్నం అమ్మరు.

"లేవండి సోమరిపోతుల్లారా! తింటారా, తినరా? ఏయ్ ముసలోడా, నోట్లో పళ్లున్నాయా, నమిలి పెట్టమంటావా?" అని అరిచింది ఒక లావుపాటామె.

"పళ్లు లేవు గాని ఆకలి ఉంది. పులిని చూడబోతున్నాను, నిన్ను చూస్తే భయం తీరిపోయింది. రెండు గిన్నెల పులుసు పొయ్యి" అన్నాడు తోగాన్. ఆమె పకపక నవ్వి మూడు గిన్నెలు పోసింది.

మూడవనాటి ఉదయానికి నంబా పందిరి ముందు నిలిచారు. ద్వారం దగ్గర ఒకడు గొంతు చించుకుంటున్నాడు. "వెయ్యి క్రోసుల దూరంనుంచి వచ్చిన మృగరాజు! ఒక్కసారి చూస్తే ఏడేళ్లు మశూచి రాదు! చూడనివాడిదే దురదృష్టం!"

లోపల అడుగు పెట్టగానే ముందు వాసన తాకింది. పచ్చిమాంసం, తడిగడ్డి, వాటి వెనుక మరేదో వేడి. తాళ్లతో బిగించిన దుంగల బోనులో పులి ఉంది. తోలు మీద తాను లెక్కించిన చారలే. కాని ఆ చారల కింద బరువు ఊపిరి పీలుస్తోంది! ప్రక్కటెముకలు పైకి లేచినప్పుడల్లా చారలు దూరమై, దిగినప్పుడల్లా దగ్గరవుతున్నాయి. ఒకినె మోకాళ్లమీద కూలబడి కాగితం పరిచింది. ఒకటి, రెండు, ఏడు కాగితాలు. భుజం, మడమ, మడత పడిన మెడతోలు. చేయి తనది కానట్టు పరుగెత్తుతోంది.

కన్ను మాత్రం కానరాలేదు. పులి నిద్రపోతోంది.

"లేపండయ్యా దాన్ని!" అన్నాడు తోగాన్.

"మీరు లేపండి తాతగారూ, తలుపు తీస్తాను" అన్నాడు కాపలావాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నారు. అప్పుడు కాపలావాడు కోడిని విసిరాడు. పులి లేచింది. లేస్తూ లేస్తూ ఒక్క గర్జన చేసింది. అది చెవికి వినిపించలేదు, రొమ్ములో మ్రోగింది. జనం ఒకరిమీద ఒకరు పడ్డారు. ఒకినె పడలేదు, దుంగల సందులోకి ముఖం పెట్టి చూసింది.

"గుండ్రం!" అని కేక పెట్టింది. "గురువుగారూ, గుండ్రం! చీలిక లేనే లేదు! ఆవగింజలా చుక్క, గుండ్రటి చుక్క!"

తోగాన్ రెండు చేతులతో దుంగను పట్టుకున్నాడు. పసుపుపచ్చని కంటిలో నల్లని చుక్క ఆయనను చూసింది. మూడు తరాల గురువులు, ఆలయాల తలుపుల మీద తాను గీసిన పులులన్నీ ఆ చుక్క ముందు వరుసగా నిలబడి తలవంచుకున్నట్లయింది. ఒకినె భయపడింది. ఆయన ఒక్కసారిగా నవ్వాడు, కళ్లనీళ్లు కారేలా.

"యాభై ఏళ్లు! యాభై ఏళ్లు పిల్లులను గీసి పులులని అమ్మానే అమ్మాయ్! చచ్చేలోగా తెలిసింది, అదే పదివేలు!"

ఆ సంతోషం ఎంతోసేపు నిలువలేదు. కాగితం మీద ఆవగింజంత చుక్క పెట్టి చూసుకున్న ఒకినె చేయి ఆగిపోయింది. పటంలో తాను పెట్టిన చీలిక వడ్లగింజంత. పట్టులో ఇంకిన మసి గీకినా పోదు, కడిగినా పోదు. ఆవగింజ వడ్లగింజను ఎలా కప్పుతుంది?

"తెలిసీ లాభం లేదు గురువుగారూ. బండరాయే గతి."

అయినా ఆమె లేవలేదు. ఎలాగూ పోయేదే, కనీసం మృగాన్నయినా కడుపునిండా చూసి పోదామనుకుంది. జనం వస్తున్నారు, పోతున్నారు. ఉప్పులో ఊరిన పుల్లపండు పెట్టిన అన్నపుముద్దలు కాగితాల ప్రక్కనే ఎండిపోయాయి. ఇరవై, ముప్పై కాగితాలు నిండాయి. సూర్యుడు వాలాడు. కాపలావాడు పందిరి చాపలు దించడం మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇక లేవండి. పులికి కూడా విసుగొచ్చింది."

"ఒక్క గీత బాబూ, ఒక్క గీత."

చాప దిగిన కొద్దీ వెలుగు తగ్గింది. పులి తల తిప్పింది. ఒకినె కుంచె గాలిలో నిలిచిపోయింది. కంటిలో ఆ చుక్క పెరుగుతోంది! ఆవగింజ శనగగింజైంది, శనగగింజ రేగుపండైంది. చుట్టూ సన్నని బంగారుకట్టు మాత్రం మిగిలి, కన్నంతా నల్లని, గుండ్రని, లోతైన కొలనై ఆమెను చూస్తోంది. దాని నడుమ ఎన్ని వడ్లగింజలైనా మునిగిపోతాయి.

"గురువుగారూ, మన పటంలో ఎంత ప్రొద్దయింది?"

"పిచ్చిదానా, భగవానుడు నిర్వాణం పొందింది పున్నమి రా..." తోగాన్ మాట మధ్యలోనే ఆగింది. నోరు తెరిచి ఆమెను చూశాడు.

"పున్నమి రాత్రికి మిట్టమధ్యాహ్నపు కన్ను పెట్టాం! ఆకాశంలో చంద్రుణ్ణి గీసి, కింద ఎండలో కళ్లు చికిలించాం! ఆ వేళకు బుచి కన్నయినా గుండ్రంగానే ఉంటుంది!"

ముసలాయన చేతికర్రతో నేలను దబదబ బాదాడు. "పద! పడవ! ఏయ్ బాబూ, నీ పులికి రేపు రెండు కోళ్లు పెట్టమని నీ యజమానితో చెప్పు, తోగాన్ అడిగాడని చెప్పు!"

"తోగాన్ ఎవరు?" అన్నాడు కాపలావాడు.

"నిన్నటిదాకా నాకూ తెలియదులే!"

తిరుగు ప్రయాణంలో ఏటికి ఎదురు. ఒడ్డున మనుషులు తాడు కట్టి పడవను లాగుతారు. ఆ నత్తనడక చూసి ఒకినె తానే దిగి తాడు పట్టుకుందామా అనుకుంది. అయిదవ రోజు తెల్లవారుతుండగా స్నానం చేసి, సూత్రం పఠించి, చట్రం మీద అడ్డంగా వేసిన పలకపై కూర్చుంది. మసి నూరింది. హాంబే అడగకుండానే దీపం తెచ్చి ప్రక్కన పట్టుకున్నాడు.

"చేయి వణకనీకు అక్కా" అన్నాడు మెల్లగా, ఆ ఒక్కసారికి వెక్కిరింపు లేకుండా.

కుంచె కొన చీలిక నడుమ ఆనింది. మసి గుండ్రంగా పాకింది. పిల్లిచూపు దానిలో మునిగిపోయింది. అంచున పసుపు సన్నని కట్టుగా నిలిచింది. చివరగా శంఖపుసున్నంతో నువ్వుగింజలో సగమంత తెల్లచుక్క, పైనున్న చంద్రుడు కంటిలో పడేచోట. రెండవ కన్ను ఇంకా సులువైంది. పలక మీదనుంచి దిగి చూసేసరికి పులి ఏడుస్తోంది. నోరు ముందునుంచీ ఏడుస్తూనే ఉంది. కన్ను ఇప్పుడు కలిసింది.

స్వాములవారు సాయంకాలం వచ్చారు. పటం ముందు కూర్చున్నారు, ఎంతకూ లేవలేదు.

"పిల్లి వెళ్లిపోయిందా?" అన్నారు చివరకు.

ఒకినె తలవంచుకుంది. అబద్ధమాడడానికి ఆ చోటు తగదు. "కన్ను ఒక్కటే వెళ్లింది స్వామీ. ఆ వెన్ను, ముందుకాళ్లు ముడుచుకున్న తీరు, అవన్నీ బుచి నేర్పినవే. అవి తీస్తే పులి మిగలదు."

గడపలో బుచి ఒళ్లు విరుచుకుంది. స్వాములవారు దాన్నీ, పటాన్నీ మార్చి మార్చి చూశారు. ఆయన గడ్డం కింద నవ్వు కదిలింది.

"నాకు పులే కనబడుతోందమ్మా. దాని తోలు కింద ఇంకెవరైనా దూరి వచ్చారంటావా, పాపం, ఎన్నాళ్లుగా వాకిట నిలబడ్డారో! భగవానుని దగ్గరికి ఏ వేషంతో వస్తేనేం, వచ్చినవాళ్లను గెంటడానికి నేనెవణ్ణి? పటం కట్టించండి."

హాంబే నూరి పెట్టుకున్న బండరాయి రంగును తీసుకెళ్లి పెరట్లో పారబోశాడు. తోగాన్ వణికే చేత్తో కాగితం మీద తన పేరులోని మొదటి అక్షరం వ్రాసి, దాని క్రింద మరొకటి చేర్చాడు. 'తోరెన్', ఇకమీదట ఆమె పేరు. అక్షరం వంకర పోయింది, ఆమె కళ్లకద్దుకుంది.

"ఏడుపు తరువాత" అన్నాడాయన. "ఒరేయ్ హాంబే, రాజధానిలో నా పులులు ఎన్నున్నాయిరా?"

"తలుపుల మీదవి, తెరల మీదవి కలిపితే నూటముప్పై పైచిలుకు గురువుగారూ."

"నూటముప్పై పిల్లులు! నా చేయి పనికిరాదు. తోరెన్, ఆ మసి ఆరనీకు. దగ్గరలో ఏ గుడి ఉంది?"

"పడమటి వాడలో, వంతెన దాటగానే. తలుపుల మీద ఏడున్నాయి" అంటూ ఒకినె అప్పటికే కుంచెలు మూట కడుతోంది.