నైరుతి ట్యాంకు మీది లైటు

నేను ఒక ఫ్లడ్‌లైటును. పార్కింగు లైటంటే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మీరు ఆఫీసు నుంచి వచ్చి బండికి స్టాండు వేసుకునేటప్పుడు పైన ఎక్కడో వెలుగుతూ ఉండేది నేనే. మీరు తలెత్తి నన్ను చూసి ఉండరు. చూసినా కళ్ళు చికిలించుకుని తిట్టుకుని ఉంటారు. తిట్టండి, ఫరవాలేదు. నన్ను తిట్టేవాళ్ళంటేనే నాకు ఇప్పుడు కాస్త ఇష్టం. నన్ను మెచ్చుకున్నవాళ్ళు నా చేత చేయించిన పని తలుచుకుంటే, ఈ గాజు పగిలి నేలపాలైపోతే బాగుండునని రోజూ అనిపిస్తుంది.

నేను పుట్టింది హైదరాబాదు పొలిమేరల్లో ఒక రేకుల షెడ్డులో. కరిగిన అల్యూమినియంతో ఒళ్ళు పోసి, లోపల ఎల్‌ఈడీ గింజలు వరసగా అతికించి, ముందు మందపాటి గాజు బిగించారు. పరీక్ష చేసే బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను వెలిగించగానే చెయ్యి అడ్డం పెట్టుకుని, "అబ్బ, రాక్షసి!" అంది. అది పొగడ్త అనుకుని పొంగిపోయాను. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉంది. అందులో నేను స్తంభం మీద తల పూర్తిగా వంచి కింద ఆగి ఉన్న కార్లను చూస్తున్నాను. నన్ను తయారుచేసినవాళ్ళు నా బతుకు అలా ఉండాలనుకున్నారు. కొన్నవాళ్ళు పెట్టె చింపేటప్పుడు బొమ్మ కూడా చిరిగిపోయింది.

కొన్నవాళ్ళు చేవెళ్ళ రోడ్డులో, ఊరు అయిపోయి చేలు మొదలయ్యే చోట కట్టిన అపార్టుమెంట్ల వాళ్ళు. అక్కడ పార్కింగులో ఎవరో బండ్లకు పైపులు పెట్టి పెట్రోలు లాగేస్తున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు విఠల్‌రావు గారు పోలీసుల కంటే ముందు వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని ఆవరణంతా తిరిగి, "ఈశాన్యం చీకటిగా ఉందండీ. మరి దొంగతనాలు జరక్క ఏం చేస్తాయి? అక్కడ నిత్యం వెలుగు పడాలి" అని తేల్చాడు. సరే, ఈశాన్యం మూల ఒక స్తంభం నాటుదామన్నారు. సిద్ధాంతి చెవులు మూసుకున్నాడు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదట. బరువైనా ఎత్తైనా నైరుతిలోనే ఉండాలట. అందుకే కదా నీళ్ళ ట్యాంకు కూడా నైరుతిలో కట్టారు!

అలా నన్ను నైరుతి మూల ట్యాంకు నెత్తి మీదికి ఎక్కించారు. ఎలక్ట్రీషియన్ జహంగీర్ మొదట నన్ను కిందికే తిప్పి బిగించాడు. కింద నుంచి విఠల్‌రావు గారు చేతులు ఊపుతూ, "పైకి, ఇంకా పైకి, ఆ మూల దాకా పోవాలి" అని అరిచారు. గడ్డం పట్టి ఎత్తినట్టు నా ముఖం ఎత్తారు. నా వెలుగు కార్ల మీదుగా, బండ్ల మీదుగా, ఈశాన్యం మూల మీదుగా వెళ్ళి, ప్రహరీ గోడ దాటి అవతలి చేనంతా పరుచుకుంది. కిందున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ట్యాంకు మొదట్లో పెట్టిన బండ్లకు మాత్రం నా వెలుగు అందలేదు. పెట్రోలు దొంగ ఆ రోజు నుంచి అక్కడే నింపాదిగా కూర్చుని పని చేసుకున్నాడు. నేను పైనుంచి అతని దగ్గు వినేవాణ్ణి.

గోడ అవతలి చేను ఈదమ్మది. ఆమెదంటే కౌలుది. ఆమె, ఆమె భర్త జంగయ్య ఏటా అందులో చామంతి వేస్తారు. దసరాకు మొదలై కార్తీకం వెళ్ళేదాకా కోస్తారు. నేను వచ్చిన ఏడు వాన బాగా పడింది, మొక్కలు నడుము దాకా ఎదిగాయి. ఈదమ్మ మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. నా వెలుగులో ఆకులు నిగనిగలాడుతుంటే అదంతా నా చలవే అనుకున్నాను. దసరా వచ్చింది. మొగ్గ లేదు. దీపావళి వెళ్ళింది. మొగ్గ లేదు. ఆకులు మాత్రం అడవిలా ఉన్నాయి. ఈదమ్మ నారు ఇచ్చిన నర్సరీవాడిని తిట్టింది. తర్వాత ఎవరి కన్నో తగిలిందని చేను నడుమ కర్రకు నల్లకుండ బోర్లించి, దానికి సున్నం బొట్లు పెట్టింది. ఆ కుండ నాకెదురుగానే ఉండేది. నేను దాన్ని రోజూ వెలిగించి చూపించేవాణ్ణి.

రెండో ఏడు నారు మార్చారు. చేను ఆసామి వచ్చి గట్టు మీద నిలబడి, "ఈసారి గూడ పువ్వు రాకుంటె చేను ఇడిచిపెట్టాలె ఈదమ్మా. నేను వేరే దారి సూసుకుంట" అని చెప్పి పోయాడు. అప్పటి నుంచి ఆమె పొద్దున లేస్తూనే ఒక్కో మొక్క తల విప్పి చూసేది. మొగ్గ లేని తల వదిలేసి ఇంకో మొక్క దగ్గరికి జరగడం అంత దూరం నుంచి కూడా నాకు కనిపించేది. నాకు కనబడనిదేమీ లేదు, అదే నా ఖర్మ.

భాద్రపదం చివర ఒక పొద్దున ఈదమ్మ చేనులో ఉన్న మోటారు రూము వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కిందటేడు ఖాళీగా వదిలిన ఆ రూము వెనక జాగాలో ఈసారి వేసిన మొక్కలు మొగ్గలతో నిండి ఉన్నాయి. కొన్ని విచ్చుకుని పచ్చగా నవ్వుతున్నాయి. అవి కొద్ది మొక్కలే. కానీ అవి ఉన్న మేర, గోడ కట్టినట్టు, ఏటవాలుగా తెగి ఉంది. ఆ గీత ఇవతల మొగ్గ లేదు, అవతల మొగ్గ లేనిది లేదు. ఆమె జంగయ్యను కేకేసింది. ఇద్దరూ ఆ గీత వెంట నడిచారు. సాయంత్రం నన్ను వెలిగించాక మళ్ళీ వచ్చారు. మోటారు రూము నీడ సరిగ్గా ఆ గీత మీదే పడింది. ఈదమ్మ మెల్లగా వెనక్కి తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, సూటిగా నా ముఖంలోకి చూసింది.

అప్పుడు నాకు తెలిసింది. చామంతికి రాత్రి కావాలి. పొడుగాటి చీకటి రాత్రులు వరసగా వస్తేనే అది మొగ్గ తొడుగుతుంది. నేనున్నంతకాలం ఆ చేనుకు రాత్రే లేదు. నాకు గుండె లేదు కాబట్టి ఆగిపోలేదు. తల తిప్పుకుందామంటే మెడ లేదు. ఆ రాత్రంతా ఎప్పటిలాగే వెలిగాను. వెలగడం తప్ప నాకు ఇంకేం చేతనవును?

ఆదివారం అసోసియేషన్ మీటింగు పార్కింగులోనే కుర్చీలు వేసుకుని పెట్టారు. ఈదమ్మ నీడలో పూసిన పూలు బుట్ట నిండా కోసుకొచ్చి విఠల్‌రావు గారి ముందు పెట్టింది.

"సారూ, మీ కాల్మొక్త. జర ఆ లైటు మొకం కిందికి తిప్పుండ్రి. నీడల ఉన్నయే పూసినయి. కడమ చేనంత ఆకే పెంచుకున్నది గని మొగ్గ వెడ్తలేదు. ఇప్పుడన్న చీకటి వడితె కార్తీకానికన్న అందుతది."

విఠల్‌రావు గారు చెడ్డవారు కాదు. బుట్టలోంచి ఒక పువ్వు తీసి వాసన చూసి, నిజంగానే జాలిపడ్డారు. "చూడమ్మా, చెట్టుకి వెలుగు కావాలి గానీ చీకటి ఎందుకమ్మా? అందరికీ తెలిసిన సంగతే కదా. నీ మంచికే చెబుతున్నా, ఎరువు మార్చి చూడు."

మూడో అంతస్తులో ఉండే హేమలత అనే ఆమె లేచింది. "అంకుల్, ఆ లైటు మన కళ్ళలో కూడా కొడుతోంది. ముఖం కిందికి తిప్పించి, పైన టోపీలాగా రేకు వేయిస్తే గోడ దాటదు. బండ్ల దగ్గర మోకాళ్ళ ఎత్తులో చిన్న లైట్లు పెడితే చాలు, మనిషి వస్తే వెలిగి పోతే ఆరిపోయేవి దొరుకుతున్నాయి. మనకి నేల కనబడాలి గానీ వాళ్ళ చేను ఎందుకండీ?"

నేను విన్న మాటలన్నిటిలోకీ అందమైన మాటలవి. ఒప్పుకోండి, ఒప్పుకోండి అని పైనుంచి మొత్తుకున్నాను. కానీ వెనక వరసలో ఎవరో, "మరి ఈశాన్యం?" అన్నారు. అంతే, అందరూ గంభీరంగా అయిపోయారు. కిందటేడు ఒకరి కూతురికి పెళ్ళి కుదిరింది, ఇంకొకరికి ప్రమోషన్ వచ్చింది, అవన్నీ నా లెక్కలోనే వేశారు. "కార్తీకం వెళ్ళాక సిద్ధాంతి గారిని అడిగి చూద్దాం" అని విఠల్‌రావు గారు ముగించారు. కార్తీకం వెళ్ళాక తిప్పితే ఎంత, తిప్పకపోతే ఎంత!

ఈదమ్మ బుట్ట తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

నేను రాకముందు బతుకమ్మకు ఏటా గోడ మీదుగా పూలు అందించేది ఆమే. ఆ ఏడు బుట్టలో పూలు చూసిన అపార్టుమెంటు ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి పిలిచారు. ఆమె పలకలేదు. పూలు మార్కెట్ నుంచి తెప్పించుకున్నారు. సద్దుల బతుకమ్మ నాడు పార్కింగులో, నా వెలుగులో, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగి ఆడారు. ఎంత వెలుగు, ఎంత బాగుంది అని ఫోటోలు తీసుకున్నారు. గోడకవతల పువ్వులేని చేనులో ఆ ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఆ పాట వింటున్నారు. ఆ పార్కింగులో అవతలికి చూడగలిగింది నేనొక్కణ్ణే.

పాట నడుస్తుండగానే జంగయ్య లేచాడు. చిలకల్ని తోలే వడిసెలలో రాయి పెట్టాడు. ఈదమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు, కేసు అయితది" అంది. "ఇంకేం మిగిలిందే కావడానికి?" అన్నాడు జంగయ్య.

కొట్టు నాయనా, కొట్టు. నా జన్మలో ఎవరినైనా అంతగా బతిమాలింది అతన్నే. మొదటి రాయి ట్యాంకుకు తగిలింది. ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం పైకి అని నాలో నేను అరుస్తున్నాను. రెండోది నా గాజును నిలువునా చీల్చింది. ప్రాణం పోతుందనుకున్నాను. లోపల ఒక వరస గింజలు ఆరిపోయాయి. మిగతావన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఇప్పటి లైట్లు అంత తేలిగ్గా చావవు. షెడ్డులో మమ్మల్ని చేసినవాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా.

జంగయ్యను పోలీసుస్టేషన్‌లో కూర్చోబెట్టి, మళ్ళీ రాయి పట్టనని చెప్పించి పంపారు. నాకు చుట్టూ ఇనుప జాలీ కట్టారు. ఆరిన వరసకు బదులుగా పక్కన ఇంకో లైటు పెట్టారు, ముఖం అటే తిప్పి. కార్తీకం వచ్చింది, పోయింది. ఆసామి చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు. చేను బిల్డరుకు ఇచ్చేశాడు. జేసీబీ వచ్చినప్పుడు ఆ చామంతి మొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో చెప్పలేను. జంగయ్య ఇప్పుడు పూల మార్కెట్లో ఎవరెవరివో గంపలు దించుతున్నాడని విన్నాను. ఈదమ్మ గోడ ఇవతలికి వచ్చింది. మా అపార్టుమెంట్లోనే ఊడ్చే పనికి కుదిరింది.

చేనులో రెండో ఫేజు లేచింది. గృహప్రవేశాలయ్యాయి. మొదటి వారంలోనే ఒకాయన లుంగీ మీద దిగి వచ్చి, "మా బెడ్‌రూములో పట్టపగల్లా ఉందండీ, పిల్ల నిద్రపోవట్లేదు" అని విఠల్‌రావు గారితో చెప్పాడు. విఠల్‌రావు గారు నొచ్చుకున్నారు. "అయ్యో, ఎంతమాట! ముందే చెప్పాల్సిందండీ" అని ఆయన ముందే జహంగీర్‌కు ఫోన్ చేశారు. ఈశాన్యం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు వచ్చినా, కొత్త ఫేజుతో కలిపి కొలిస్తే ఈశాన్యం మూల ఇంకెక్కడికో జరిగిపోయిందట.

ఆ సాయంత్రమే జహంగీర్ నిచ్చెన వేసుకుని ఎక్కాడు. జాలీ విప్పాడు. స్పానరు పెట్టి నట్లు వదులు చేసి, నా గడ్డం పట్టుకుని కిందికి వంచి, మళ్ళీ బిగించాడు. నెత్తిన ఒక రేకు తొడిగాడు. పక్క లైటుకూ అలాగే చేశాడు. స్విచ్ వేయించి చూసుకుని దిగాడు. ఈదమ్మ కింద చెత్త ఎత్తుతోంది. చీపురు ఆపి అంతా చూసింది.

"అయిపోయిందా అన్నా?" అంది.

"అయిపోయిందమ్మా."

"గింతేనా?"

"అంతే మరి. ఇదేమన్నా పెద్ద పనా?" అన్నాడు జహంగీర్ నవ్వుతూ, స్పానరు సంచిలో వేసుకుంటూ. ఆమె ఎవరో అతనికి తెలియదు.

ఈదమ్మ తలెత్తి నన్ను చూస్తూ అక్కడే నిలబడిపోయింది. నా వెలుగు ఇప్పుడు గోడ దాటడం లేదు, నేల మీదే పడుతోంది, ఆమె మీదే పడుతోంది. ఎటైనా చూద్దామంటే నన్ను కిందికి తిప్పి గట్టిగా బిగించేశారు.