పులిని పట్టిన తాత గుండె

స్కానింగ్‌లో కదలకుండా ఉండాలని నాలుగేళ్ల మనవరాలికి నిద్రమందు పట్టించారు. గుండె వేగం చూపే క్లిప్పు వేలికి పెట్టబోతే, "ముందు తాతకి!" అని మొండికేసింది. తాత పెట్టుకున్నాడు. తాను ఒకప్పుడు వట్టి చేతులతో పులిని పట్టిన కథ తాత సగం చెప్పేసరికే పిల్ల నిద్రలోకి జారుకుంది. తాత చూపు తెరకి అతుక్కుపోయింది. చూసేకొద్దీ అంకె ఎక్కుతోంది: నూట పది, నూట ముప్పై, నూట నలభై!

"నర్సమ్మా, పిల్ల గుండె పరిగెడుతోంది తల్లీ!"

పక్కనే కాగితాలు నింపుతున్న నర్సు ఒక్క అంగలో వచ్చింది. "తాతగారూ, క్లిప్పు ఇంకా మీ వేలికే ఉంది."

దాన్ని పిల్ల వేలికి మార్చింది. తెర మీద తొంభై ఆరు, నింపాదిగా.

"పులిని పట్టిన గుండె ఇదేనా?" అంది నర్సు.

"ఆ రోజు భయపడింది పులి తల్లీ," అన్నాడు తాత, చెమట తుడుచుకుంటూ. "ఇవాళ నా వంతు."