ఎడమ మోకాలు

కైరోలో తల్లికి పక్షవాతం వచ్చిందని కోచ్ మజీదాకి కబురందిన రోజునే కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు సత్యశ్రీ చేతికి వచ్చింది. విమానాశ్రయానికి వెళ్తూ మజీదా మైదానం గేటు దగ్గర కారు ఆపించి, విజిలూ, నీలం అట్ట నోటుబుక్కూ ఆమె చేతిలో పెట్టింది. నేను తిరిగి వచ్చేదాకా కోచ్‌వి నువ్వే, నువ్వు చూసుకోగలవు అని ఇంగ్లీషులో చెప్పి, ఒకసారి గట్టిగా కౌగిలించుకుని వెళ్లిపోయింది.

సత్యశ్రీది ముమ్మిడివరం దగ్గర చిన్న పల్లె. కాకినాడలో వ్యాయామ విద్య చదివింది, యూనివర్సిటీ జట్టులో రెండేళ్లు ఆడింది. పెళ్లయ్యాక, సబ్హాన్‌లో ఒక గోడౌనుకి సూపర్‌వైజరుగా ఉన్న దుర్గారావు వెంట కువైట్ వచ్చింది. మొదటి నాలుగేళ్లూ వంటింటికే సరిపోయాయి. ఆ తరవాత ఈ ప్రైవేటు కాలేజీ జిమ్ములో హాజరు రాసే పని దొరికింది. అందులోంచి మెల్లిగా మజీదాకి సహాయకురాలైంది. సహాయమంటే నీళ్లసీసాలు నింపడం, బంతుల్లో గాలి చూడడం, ఆట అయ్యాక చొక్కాలు లెక్కపెట్టి లాండ్రీకి వేయడం. ఆరేళ్లుగా అదే పని. ఆట ఎలా ఆడితే బాగుంటుందని ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇక మూడు వారాల్లో కాలేజీల టోర్నమెంటు. నాలుగు జట్లు. సెమీఫైనలు గెలిస్తే ఫైనలు.

మజీదా నేర్పింది ఓపిక ఆట. బంతి నేల విడవకూడదు. వెనక నుంచి చిన్న చిన్న పాసులతో ఒకరి కాలి నుంచి ఒకరి కాలికి మారుతూ, మైదానం మధ్యలో ఉండే కెప్టెన్ అంజుమ్ మీదుగా ముందుకు సాగాలి. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కానీ గోలు దగ్గరికి చేరేసరికి ఎదుటి జట్టు మొత్తం అక్కడికి వచ్చి గోడ కట్టేసేది. మజీదా వెళ్లిన నాలుగో రోజున ఒక హైస్కూలు జట్టుతో ఉత్తుత్తి మ్యాచ్ ఆడి, అదే పద్ధతిలో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఓడింది స్కూలు పిల్లల చేతిలో. స్పోర్ట్స్ ఆఫీసులో ఎవరో, కోచ్ లేకపోతే ఇంతే మరి అన్నారు. ఆ మాట సత్యశ్రీ చెవిన పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో పాత పేపరు పరిచి, దాని మీద చింతపిక్కలు పేర్చింది. పదకొండు ఇటు, పదకొండు అటు. దుర్గారావు టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. అతనికి ఆట పెద్దగా తెలియదు గానీ, భార్య ముఖంలో అలాంటి వెలుగు చూసి చాలా రోజులైంది.

సత్యశ్రీ ఒక పిక్కను వేలితో ముందుకు తోసింది. అది శివపార్వతి.

శివపార్వతికి పందొమ్మిదేళ్లు. వాళ్లది రాయచోటి. తండ్రి గంగాధర సులైబియాలో స్టోర్ కీపరు, తల్లి పోలేరమ్మ సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. ఆ పిల్ల బంతి వెనకాల పరుగెత్తదు, బంతి పడబోయే చోటికి ముందే చేరుకుంటుంది. అలాంటి ఆటగత్తెను సత్యశ్రీ తన చదువు రోజుల్లో కూడా చూడలేదు. జట్టులో తెలుగువాళ్లు వాళ్లిద్దరే. అందుకని మిగతా అందరికీ ‘కోచ్’ అయిన మనిషి ఆ పిల్లకు ‘అక్క’ అయింది.

సత్యశ్రీకి తట్టిన ఆలోచన చాలా తేలిక. చిన్న పాసులు మానేయాలి. బంతి దొరకగానే వెనక ఉన్నవాళ్లు దాన్ని అందరి తలల మీదుగా, ఎదుటి డిఫెండర్ల వెనకనున్న ఖాళీలోకి పొడవుగా కొట్టాలి. శివపార్వతి ఒక్కతే పరుగెత్తి అందుకుంటుంది. అవతలి జట్లలో ఆమెను పరుగులో పట్టుకోగల పిల్ల లేదు.

అయితే మజీదా నోటుబుక్కులో ప్రతి ఆటగత్తెకూ ఒక పేజీ ఉంది. శివపార్వతి పేజీలో ఎర్రసిరాతో రెండు వాక్యాలున్నాయి. ఎడమ మోకాలు నవంబరు నుంచి వాస్తోంది. నలభై నిమిషాలకు మించి ఆడించవద్దు.

సత్యశ్రీ ఆ వాక్యాలు చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది.

మర్నాడు ప్రాక్టీసుకు ముందు పిల్లలందరినీ గుండ్రంగా నిలబెట్టి కొత్త పద్ధతి వివరించింది. అంజుమ్ ఒప్పుకోలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన పిల్ల, మాట నిదానం. బంతంతా ఒక్కతికే ఇస్తే మిగతా పదిమందిమీ ఏం చేయాలి, రేపు ఆమె ఆడలేకపోతే మాకు ఏ ఆట మిగులుతుంది అని హిందీలో అడిగింది. గెలిచాక మాట్లాడుకుందాం అని సత్యశ్రీ ఆ మాట తుంచేసింది. తరవాత శివపార్వతి వైపు తిరిగి, అందరి ముందే, తొమ్మిదో నంబరు చొక్కా చేతిలో పట్టుకుని అడిగింది.

"మోకాలు ఎలా ఉందమ్మా?"

పద్నాలుగు మంది చూస్తున్నారు.

"బాగుందక్కా. నొప్పేం ల్యాదు."

సత్యశ్రీ చొక్కా ఆమెకిచ్చేసింది.

కొత్త ఆట పిల్లలకు తొందరగానే పట్టుబడింది. పది రోజుల్లో రెండు ఉత్తుత్తి మ్యాచ్‌లు గెలిచారు. అయిదు గోల్స్ పడితే అయిదూ శివపార్వతివే. స్పోర్ట్స్ ఆఫీసువాళ్లు మైదానం అంచుకొచ్చి నిలబడి చూడసాగారు. ఒకరోజు ప్రాక్టీసయ్యాక పిల్లలు గ్యాలరీ మెట్లు దిగుతుంటే సత్యశ్రీ తలెత్తి చూసింది. శివపార్వతి అందరికంటే వెనక, కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి దిగుతోంది. సత్యశ్రీ తల దించుకుని బంతులు సంచీలో వేసుకుంది.

ఇంట్లో ఆ సంగతి మామూలుగా చెప్పినట్టే చెప్పింది. దుర్గారావు తింటున్న చెయ్యి ఆపాడు.

"మళ్లీ అడిగేవా?"

"అడిగేనండి మొదట్లోనే. బాగుందంది."

"మొదటిసారి ఎవరైనా బాగుందనే అంటారు సత్యా. మా గోడౌన్లో బరువులెత్తేవోళ్లని చూడటంలేదా, నడుం విరిగినా బాగుందనే అంటారు. పక్కకి తీసుకెళ్లి రెండోసారి అడగాల."

మీకు ఆట గురించి ఏం తెలుసండి అని ఆమె కసిరింది. పదేళ్ల కాపురంలో భర్తతో అలా మాట్లాడిన సందర్భాలు తక్కువ. అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆమె కూడా ఆ పిల్లను పక్కకు తీసుకెళ్లలేదు. ఎందుకు తీసుకెళ్లలేదో ఆమెకు తెలియకపోలేదు. అడిగితే ఆ పిల్ల నిజం చెప్పేస్తుందేమోనని భయం.

సెమీఫైనలు రెండు సున్నాతో గెలిచారు. డీన్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపి ‘కోచ్ సత్య’ అన్నాడు. డ్రెస్సింగు గదిలో శివపార్వతి మోకాలికి ఐసుముక్కల సంచీ కట్టుకుని, దాన్ని చెయ్యితో కప్పుకుని నవ్వుతూ కూర్చుంది.

ఫైనలుకు ముందురోజు మధ్యాహ్నం చివరి ప్రాక్టీసు. నీళ్ల కుళాయి దగ్గర ఎవరూ లేనప్పుడు ఆ పిల్ల సత్యశ్రీ దగ్గరికొచ్చింది.

"అక్కా, రేపు సెకండాఫ్‌లో ఒగేళ నన్ను..."

సత్యశ్రీ సీసా నింపుతూ ఉంది. "ఏంటమ్మా?"

ఆ పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో ఏమో.

"ఏం ల్యాదులే అక్కా."

సగంలో ఆగిన ఆ మాటలో మిగతా సగం ఏమిటో చంటిబిడ్డకైనా తెలుస్తుంది. సత్యశ్రీ సీసా మూత బిగించి, రేపు తొందరగా వచ్చెయ్యమ్మా అంది.

ఫైనలు గురువారం మూడున్నరకు మొదలైంది. జనవరి చలిగాలి, ఎండ ఉన్నా వేడి లేదు. అవతలి జట్టు వీళ్ల ఆట కనిపెట్టి, ఇద్దరు పిల్లలను శివపార్వతి వెంటే ఉంచింది. దాంతో ఆమె ఒక పరుగుకు బదులు మూడు పరుగులు తీయాల్సి వచ్చింది. మొదటి సగంలో గోలు పడలేదు. విరామంలో ఆమె అందరిలా గడ్డి మీద కూర్చోలేదు, గోలు కమ్మీకి ఆనుకుని నిలబడే ఉంది. కూర్చుంటే మళ్లీ లేవలేనని ఆమెకు తెలుసు. ఆ సంగతి సత్యశ్రీకీ తెలుసు. బెంచీ మీద ముగ్గురు పిల్లలు చొక్కాలు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఒక్క గోలు, ఇంకొక్క పరుగు చాలు అనుకుంది సత్యశ్రీ.

అరవై ఒకటో నిమిషంలో ఆ పరుగు వచ్చింది. వెనక నుంచి బంతి పొడవుగా లేచింది. శివపార్వతి ఇద్దరినీ దాటేసింది. బంతి కొంచెం కుడికి వంగింది. తిరగడానికి ఆమె ఎడమకాలు నేలలో గట్టిగా ఊనింది. కాలు ఊనిన చోటే ఉండిపోయింది, మనిషి తిరిగింది. చుట్టుపక్కల ఒక్కరూ లేరు, ఎవరూ తగల్లేదు. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడు బెంచీ దాకా వినిపించింది.

స్ట్రెచర్ వచ్చింది. ఆ పిల్ల అరవలేదు. పెదవి కొరుక్కుని పైకి చూస్తోంది. అంబులెన్సులో కాలేజీ నర్సు ఎక్కింది. సత్యశ్రీ తలుపు దాకా వెళ్లింది. వెళ్తారా, ఉంటారా అని రిఫరీ అడిగింది. జట్టును అంజుమ్‌కి అప్పగించి వెళ్లిపోవచ్చు. ఉంటాను అంది సత్యశ్రీ.

ఇక పొడవుగా కొట్టడానికి అవతల పరుగెత్తే మనిషి లేదు. అంజుమ్ బెంచీ వైపు ఒకసారి చూసి, ఏ సూచనా రాకపోయేసరికి, బంతి కాలి కింద ఆపి నలుగురిని దగ్గరికి రమ్మంది. వాళ్లు మళ్లీ మజీదా ఆట మొదలుపెట్టారు. ఏడుస్తూనే ఆడారు. శివపార్వతి వెంట తిరిగి తిరిగి అవతలివాళ్లు అలసిపోయారేమో, లేక వీళ్లకే ఇక పోగొట్టుకునేది లేదో, డెబ్భై ఎనిమిదో నిమిషంలో బంతి నేల విడవకుండా పదకొండు కాళ్లు మారి గోల్లోకి వెళ్లింది. సత్యశ్రీ ఒక్కొక్క పాసునూ లెక్కపెట్టింది. పదకొండు. ఆ దారి మొదటి నుంచీ ఉంది.

గెలిచారు. పిల్లలు వచ్చి ఆమె మీద పడ్డారు. ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంటే సంతోషం పట్టలేక అనుకుని ఎవరో వీపు నిమిరారు.

లోపల లిగమెంటు తెగిందని, గుజ్జు అంతకుముందే బాగా అరిగి ఉందని, అరిగిన కాలిమీదే పరుగెత్తినందువల్ల ఇంత నష్టం జరిగిందని డాక్టరు చెప్పాడు. ఆపరేషను చేస్తే నడక వస్తుంది. ఆట మాత్రం ఖలాస్ అన్నాడు.

శనివారం ఉదయం సత్యశ్రీ ఫర్వానియాలో వాళ్ల ఇంటికి వెళ్లింది. గంగాధర తలుపు తీసి, పక్కకు జరిగి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. శివపార్వతి మంచం మీద కాలు ఎత్తున పెట్టుకుని పడుకుని ఉంది. ఆమె మొదట అడిగింది గోలు గురించి. ఎట్ల పడిందక్కా, ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు అంది. సత్యశ్రీ మంచం అంచున కూర్చుని, ఎవరి నుంచి ఎవరికి బంతి వెళ్లిందో పదకొండు పాసులూ చెప్పింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని విన్నది.

"అట్లయితే నేను లేకున్నా గెలిచినాము," అంది చివరికి.

ఆ పిల్ల ముఖం గోడవైపు తిప్పుకుంది.

వంటింట్లో పోలేరమ్మ టీ పెడుతోంది. తను వంట చేసే ఇంటి యజమానురాలు, మామా, వారం రోజులు సెలవిచ్చిందని, ఖర్జూరాల డబ్బా కూడా పంపిందని చెప్పింది. సత్యశ్రీ గుమ్మంలోనే నిలబడింది.

"నాకు ముందే తెలుసండి. మోకాలు బాలేదని పుస్తకంలో రాసుంది. నేను చదివేను. చదివి కూడా ఆడించేను."

పోలేరమ్మ స్టవ్ ఆపేసింది. గిన్నెలోకే చూస్తూ చెప్పింది.

"నాకూ తెలుసు తల్లీ. దినామూ నూనె రుద్దిందాన్ని నేనే కదా. వొద్దు పాపా అంటే, అక్క నన్నే నమ్ముకోనుండాది మా అనె. గమ్మునుంటి. పేపర్లో పేరొస్తాదని నేనూ ఆశ పడితి."

"అలా అనకండి. తప్పు నాదండి."

"నాది కూడా ఉండాది. అట్లని నీది ల్యాకుండా పోదు." పోలేరమ్మ మొదటిసారి తలెత్తి చూసింది. "నాకు బంతాట తెలీదు. నీకు తెలుసు."

టీ ఇచ్చింది. సత్యశ్రీ దాన్ని నిలబడే తాగింది. తాగకుండా వెళ్లడానికి ధైర్యం చాలలేదు.

ఫిబ్రవరిలో మజీదా తిరిగి వచ్చింది. తల్లిని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, బాగా చిక్కిపోయింది. సత్యశ్రీ దాచకుండా జరిగిందంతా చెప్పింది. మజీదా కోప్పడలేదు. నోటుబుక్కు తెరిచి ఆ పేజీ చూసి మూసేసింది. ఇంకెవరికైనా చెప్పావా అని అడిగింది. వాళ్లమ్మకి చెప్పాను అంది సత్యశ్రీ. వచ్చే ఏడాది నీకు సొంతంగా జట్టు ఇద్దామని డీన్ అంటున్నాడు అని మజీదా చెబితే, వద్దంది. జిమ్ములో హాజరు రాసే పని చాలంది. మజీదా బలవంతం చేయలేదు.

మార్చిలో తల్లీకూతుళ్లు ఆపరేషను కోసం తిరుపతి వెళ్లారు. కాలు కుదుటపడడానికి ఏడెనిమిది నెలలు పడుతుందన్నారు. శివపార్వతి ఆ ఏడాది పరీక్షలు రాయలేదు. గంగాధర ఫర్వానియా ఇల్లు ఖాళీ చేసి సులైబియాలో కంపెనీ గదికి మారిపోయాడు. పోలేరమ్మ పనిచేసే ఇంట్లోకి ఇంకో ఆమె వచ్చింది.

సత్యశ్రీ ప్రతి శుక్రవారం ఉదయం రాయచోటికి ఫోను చేస్తుంది. పోలేరమ్మే తీస్తుంది. కట్టు విప్పినారని, కర్ర పట్టుకుని వీధి దాకా నడుస్తాండాదని, ఎండలు మండిపోతాండాయని చెబుతుంది. అక్కడ మీరంతా బాగుండారా అని అడుగుతుంది. పాపకు ఒకసారి ఇస్తారా అని సత్యశ్రీ అడుగుతుంది.

"పండుకోనుండాది తల్లీ," అంటుంది.

అక్కడ అప్పటికి పగలు పదకొండు గంటలు దాటి ఉంటుంది. సత్యశ్రీ సరేనండి, లేపకండి అని ఫోను పెట్టేస్తుంది.