అక్క కంటికి అడ్డం పెట్టిన ఫొటో

పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాళ్ళకు ఒక జబ్బుంటుంది. ఫొటో తీశారో లేదో కెమెరా తిప్పి, "చూడండి, ఎంత బాగా వచ్చారో!" అంటూ ఆ తెరను ఎదుటివాళ్ళ ముఖం మీదికి తోసేస్తారు. మన తమ్ముడుగారికి ఆ జబ్బు బాగా ముదిరింది. మెచ్చుకోలు వినకపోతే ఆయనకు అన్నం సయించదు.

అక్కకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి ఎల్లుండి ఆపరేషన్. చూపు నిలుస్తుందని మాటివ్వలేనని డాక్టరు చేతులెత్తేశాడు. ఏనాడూ నోరు తెరిచి ఏదీ అడగని అక్క, "చుక్కల్ని ఒక్కసారి కళ్ళారా చూడాలనుందిరా. ఉన్నది ఒక్కటేననుకో, దాంతోనే సర్దుకుంటాలే" అని నవ్వింది.

అందుకే తమ్ముడు ఆమెను, చుక్కలు చూసేవాళ్ళ కోసం ఊరి దీపాల వెలుగు సోకకుండా ఉంచిన ఒక చీకటి పార్కుకు తీసుకొచ్చాడు. వచ్చేవాడు ఊరికే వస్తాడా, కెమెరా కూడా తగిలించుకొచ్చాడు.

గేటు దగ్గర కాపలాదారు వాళ్ళ టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఇచ్చాడు. "తెల్ల వెలుతురు వద్దమ్మా. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంటైనా పడుతుంది. మధ్యలో వెలుగు పడిందా, మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు. ఇవన్నీ నాకు తెలియనివా అన్నట్టు తమ్ముడు తల ఊపాడు.

అక్కను మడత కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, పక్కనే కెమెరాను స్టాండు మీద బిగించాడు. చాలాసేపు ఆమెకు నలుపు తప్ప ఏమీ కనపడలేదు. అయినా మెడ పైకెత్తి ఓపిగ్గా కూర్చుంది.

"ఒరేయ్, అక్కడేదో... పాలు ఒలికినట్టు..." అంటూ ఉన్నట్టుండి లేచి నిలబడింది.

సరిగ్గా అప్పుడే కెమెరా టక్కుమంది. తెర మీద పాలపుంత ధగధగా వెలిగింది. తమ్ముడికి ఒళ్ళు తెలియలేదు. స్టాండుతో సహా కెమెరాను ఎత్తి, "అక్కా, చూడు, ఎంత బాగా వచ్చిందో!" అని ఆమె కంటికి ఎదురుగా పెట్టేశాడు.

"అబ్బా!" అని అక్క కన్ను మూసుకుంది. తెరిచి చూస్తే ఆకాశమంతా మసి. ఆ కన్ను తేరుకునేలోపు మబ్బులు కమ్ముకొచ్చాయి. ఎంతసేపు కాచుకున్నా తొలగలేదు. తెల్లారితే ఆసుపత్రిలో చేరాలి. తన చేతులు తనే విరగ్గొట్టుకోవాలనిపించింది తమ్ముడికి.

కారులో అతను స్టీరింగు పట్టుకుని ఏడుస్తుంటే అక్కే భుజం తట్టింది.

"పోనీలేరా. కావాలని చేశావా ఏంటి? నువ్వైనా తనివితీరా చూశావుగా. ఎలా ఉందో చెప్పు, వింటాను."

తమ్ముడు చెప్పబోయాడు. స్టాండు గుర్తొచ్చింది. నొక్కిన మీటలు గుర్తొచ్చాయి. తెర గుర్తొచ్చింది. ఎంత వెతుక్కున్నా అంతకు మించి ఇంకేమీ గుర్తు రాలేదు.

"నేనూ చూడలేదక్కా" అన్నాడు. "అసలు తలెత్తనే లేదు."