అమృతమ్మ వాటా వెంట్రుక

కర్ర్... కర్ర్...

మందపాటి గుడ్డలో కత్తెర నడిచే చప్పుడు.

ఆ చప్పుడు ఇప్పుడు సీమోను చెవుల్లోనే ఉంది. కత్తెరేమో పత్తర్‌గట్టిలో, వైకుంఠం సేటు దర్జీ దుకాణంలో ఉంది. సీమోను ఫలక్‌నుమాలో, ఇంట్లో, మంచం మీద ఉన్నాడు.

సీమోను అక్కడ కటింగ్ మాస్టరు. ఆ పని కూర్చుని చేయలేడు — బల్ల ముందు నిలబడితేనే కత్తెర తిన్నగా నడుస్తుంది.

మూడేళ్ల కింద లారీ గుద్ది ఎడమకాలు మోకాలి దిగువన పోయింది. పెట్టుడు కాలు వచ్చింది. నిలబడ్డాడు.

కాలు పోయిందిగానీ... వెంట్రుకలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మొలిచాయి. మిగిలిన మొండి మీద, పెట్టుడు కాలి రబ్బరు తొడుగు లోపల, చెమటలో, మొలిచాయి. బయటికి దారిలేక చర్మంలోకే వంగాయి. గడ్డలు లేచాయి. బ్లేడుతో గీస్తే ఇంకా లేచాయి. గడ్డల మీద కాలు తొడగడమంటే ప్రాణం పోయినంత పని.

"రంజాన్ గిరాకీ దాంక ఆగుత సీమోనూ. గప్పటికీ రాకుంటే ఇంకో మాస్టర్‌ను పెట్టుకుంట," అన్నాడు సేటు. పాపం, ఆయన మాత్రం ఎన్నాళ్లు ఆగుతాడు!

లేజర్‌తో పోతాయన్నారు దవాఖానలో. గడ్డలు మానాక రమ్మన్నారు.

మానాయి. దవాఖానకు పోయే ముందురోజు సాయంత్రం భార్య ప్రీతి అతన్ని గుమ్మంలో కూర్చోబెట్టింది. గల్లీ ఆడవాళ్లందరి కనుబొమ్మలూ దిద్దేది ఆమే. దారం పళ్ల మధ్య కరచుకుంది. చర్... చర్... ఒక్కటీ వదల్లేదు. మొగుడి కాలు చూసి డాక్టర్లు మెచ్చుకోవాలని ఆమె ముచ్చట.

లేజర్ వేసే అమృతమ్మ చూసి నెత్తి పట్టుకుంది.

"గీసుకొని రమ్మన్నగానీ పీక్కొని రమ్మన్ననా అక్కా? లేజర్ కాల్చేది వేరునే గదా! ఏదీ, ఒక్క వేరన్న ఉందా? ఆరువారాలైనంక రాండ్రి."

ఆరువారాలు...

దారి పొడుగునా ప్రీతి ఏడ్చింది. సీమోనుకు మండిపోయింది. తిట్టబోయాడు. దారం కోసిన గీతలు ఆమె వేళ్ల మీద ఎర్రగా కనిపించాయి. తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు. "వెంట్రుకలే గదా, మొలుస్తయి."

అన్నేళ్లూ తిట్టుకున్న వెంట్రుకల కోసం ఇద్దరూ ఎదురు చూశారు. రోజూ పొద్దున కిటికీ వెలుగులో కాలు పెట్టి... వచ్చాయా? రాలేదు. వచ్చాయా?

వచ్చాయి! నల్లగా, గరుకుగా. ప్రీతి సంబరం పట్టలేక గల్లీ అంతా చెప్పి వచ్చింది.

ఈసారి లేజర్‌కు వేరు దొరికింది. కాలు చురుక్కుమంది. నెలకు మళ్లీ చురుక్కుమంది. ఇంకా చాలాసార్లు రావాలంది అమృతమ్మ. అంతలో రంజాన్ గిరాకీ వచ్చేసింది.

ఈ పొద్దున, తొడుగు ఎక్కిస్తుంటే, మోకాలి కింద ఒక్క వెంట్రుక.

ఒక్కటే.

ప్రీతి చెయ్యి దారం మీదికి పోయింది... ఆగింది. ఆ దారాన్ని తన వేలికే చుట్టుకుంది.

"ఉండనియ్యి," అంది. "అది అమృతమ్మ వాటా."

సీమోను నవ్వాడు. ఎన్నాళ్లకు నవ్వాడో!

పత్తర్‌గట్టిలో బల్ల ఖాళీగానే ఉంది. సేటు గుడ్డ తాను ముందుకు తోశాడు.

సీమోను నిలబడ్డాడు. సాయంత్రం దాకా నిలబడగలడా... చూడాలి.

కత్తెర అందుకున్నాడు.

కర్ర్...