రెండు వరసల గుల్ల

నేను ఒక నత్తగుల్లను. సముద్రపు నత్తది. లోపల బతికిన ప్రాణి ఏనాడో పోయింది, నేను రాయినై మిగిలాను. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి మాట. ఆలస్యమైన ప్రతి పనినీ నత్తనడక అని వెక్కిరించే మీ జాతి అప్పటికి పుట్టనేలేదు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే ఇదే.

నా అందం నేనే చెప్పుకోవాలి, చెప్పేవాళ్ళు లేరు గనక. అరచేతిలో ఇమిడేంత ఉంటాను. సన్నని కొస నుంచి నోటిదాకా మెలికలు తిరిగిన ఒళ్ళు. మెలిక మెలికకీ గీతలు, ఆ గీతల మధ్య ఆవగింజల్లాంటి బుడిపెలు రెండు వరసలు. మా వాళ్ళందరికీ ఒకటే వరస. ఉప్పునీళ్ళలోంచి సున్నం కొంచెం కొంచెంగా కూడబెట్టి ఆ రెండో వరస కట్టుకున్నది మా నత్త. మీరైతే మేస్త్రీని పిలిచి కట్టించుకుని, కట్టాక వాణ్ణి తిట్టుకుంటారు.

నా కిందా పైనా లావా పారి నల్లరాయిగా గడ్డకట్టింది. నడుమ సున్నపురాతి పొరలో పడుకున్న నాకు గోరంత చెక్కు కూడా ఊడలేదు. చివరికి రాజమండ్రి దగ్గర ఒక క్వారీలో కంకర కోసం మందు పెట్టి పేలిస్తే బయటపడ్డాను. ఎంత గొప్ప అవసరం! లారీలు తిరిగి గోతులు పెట్టడానికి రోడ్డు, ఆ రోడ్డుకి కంకర.

నన్ను ఆ కంకరలో కలవనీయకుండా ఏరుకున్నది సత్యవేణి. రాళ్ళలో మిగిలిపోయిన జీవుల మీద పరిశోధన చేస్తోంది. ఏళ్ళ తరబడి సాగుతున్న ఆ థీసిస్‌కి ఫలమంటూ ఉంటే అది నా రెండో వరసే. కొత్త జాతి అని తేలితే ఆమెకి పట్టా, నాకో పేరు. ఆమె గైడు గారు అప్పుడే తన పేరు పెడితే బాగుంటుందని సూచించారు. నత్తకి తన పేరుండాలని తహతహలాడే మనిషిని అదే చూడటం. సోమవారం తీసుకురా, లెన్సులో చూసి సంతకం పెడతానన్నారు.

సత్యవేణి నన్ను ఫొటో తీసి, దూది పరిచిన సబ్బుపెట్టెలో దాచింది. శుక్రవారం ఆమె కాలేజీకి వెళ్ళాక, ఆమెని పెంచిన మేనత్త మంగతాయారు అల్మరా సర్దుతూ మూత తీసింది.

"అయ్యో, శంఖాన్ని తీసుకొచ్చి సబ్బుపెట్టెలో పడేసిందేంటి ఈ పిల్ల! ఎంత మట్టి పట్టిపోయిందో!"

పూజసామానుతో పాటు నన్నూ చిక్కటి చింతపండు పులుసులో నానేసింది. అది ఇత్తడికి మెరుగు, సున్నానికి చావు. నా ఒంటి మీద బుడగలు లేస్తుంటే మురికి వదులుతోందని మురిసిపోయి, మధ్యాహ్నం కొబ్బరిపీచుతో తోమింది. లావా చెయ్యలేని పని చారులో వేసుకునే పులుపు చేసింది.

సాయంత్రం సత్యవేణి వచ్చేసరికి నేను పూజగూట్లో పసుపూ కుంకుమలతో, నున్నగా ఉన్నాను.

"నీ చదువు గట్టెక్కాలని అభిషేకం కూడా చేశానే అమ్మాయ్" అంది మంగతాయారు.

సత్యవేణి లెన్సు పెట్టి చూసింది. తిప్పి తిప్పి చూసింది. రెండు వరసల్లో ఒక్క బుడిపె కూడా మిగల్లేదు. అరుస్తుందని ఎదురుచూశాను. నా తరఫున ఒక్కరైనా అరవాలి కదా.

"బాగా మెరుస్తోందత్తా" అంది, అంతే.

సోమవారం గైడు గారు నన్ను చూసి, "ఫొటోలో ఉన్న బుడిపెలు గుల్ల మీద లేవు. ఎవరు నమ్ముతారమ్మా? ఇంకోటి వెతుక్కో" అని టేబులు మీదకి దొర్లించారు. తన పేరు నిలవలేదన్న బాధ ఆయనది. వెతకడానికి క్వారీలో మా పొర ఎక్కడుంది? అప్పటికే రోడ్డయిపోయింది.

ఇంటికి రాగానే మంగతాయారు గుమ్మంలోనే అడిగింది.

"దీనికి పేరు పెడతారన్నావుగా, పెట్టారా?"

"పెట్టారత్తా. నీ పేరే."

"ఛ, ఊరుకోవే! శంఖానికి నా పేరేంటే" అంటూ ఆవిడ సిగ్గుపడి, కళ్ళొత్తుకుని, నాకు మళ్ళీ బొట్టు పెట్టింది. సత్యవేణి పెరట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పుకుని చాలాసేపు మొహం కడుక్కుంది.

ఆరున్నర కోట్ల ఏళ్ళకి నాకు దక్కిన ఒక్క పేరూ అబద్ధం. మిమ్మల్ని దెప్పడానికి నాకెప్పుడూ మాటలు కరువు కాలేదు గానీ, ఆ పిల్లని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు.